‘ఈ వారం కుదరదులే’ వెనక ఏముంది? గర్భసంచి ముఖద్వార పరీక్ష, ఆడవాళ్ల భయం

ఇంటికొచ్చిన ఏఎన్‌ఎం బీపీ చూస్తానంటే చెయ్యి చాపుతారు. షుగర్ చూస్తానంటే వేలు ఇస్తారు. నోటి క్యాన్సర్ పరీక్ష అంటే నవ్వుకుంటూనైనా నోరు తెరుస్తారు. "అక్కా, గర్భసంచి ముఖద్వారానికి కూడా పరీక్ష ఉంది, ఒకసారి పీహెచ్‌సీకి రావాలి" అనగానే మాత్రం మాట మారిపోతుంది. "ఈ వారం కుదరదు మా, పొగాకు గ్రేడింగ్‌కి పోతున్నా." "నాకే జబ్బూ లేదుగా, ఎందుకు పోవాలా?" "మా ఆయన్ని అడిగి చెప్తాలే." కొండపి, టంగుటూరు వైపు పొగాకు ఊళ్లలోనైనా, ఉదయగిరి మెట్ట పల్లెల్లోనైనా వినిపించేవి దాదాపు ఇవే మాటలు.

ఇవేవీ అబద్ధాలు కావు. పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది. ఇంట్లో చెప్పకుండా ఆసుపత్రికి వెళ్తే అడిగేవాళ్లుంటారు. కానీ అదే మనిషి పంటి నొప్పి వస్తే కూలి మానుకుని పల్లెవెలుగు బస్సెక్కుతుంది. మనవరాలికి జ్వరమొస్తే రాత్రికి రాత్రి ఒంగోలు వెళ్తుంది. కాబట్టి పని, డబ్బు, అనుమతి అనే మూడు కారణాల కింద నాలుగోది ఒకటి దాగి ఉంది. అది భయం. దాన్ని భయమని ఒప్పుకోవడం కన్నా పని ఉందని చెప్పడం తేలిక.

ఈ భయం ఎంత ఖరీదైనదో చూడాలి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి దాదాపు 1,27,000 మంది ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా బయటపడుతోంది. 80,000 మంది దాకా చనిపోతున్నారు. ముందుగా కనిపెడితే దాదాపు పూర్తిగా ఆపగలిగిన క్యాన్సర్ ఇది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతమే. అప్పట్లో పరీక్ష చాలామందికి అందుబాటులోనే లేదన్నది నిజం. ఇప్పుడు ఆ పరిస్థితి మారుతోంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలైంది. నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం, మూడూ అందులో ఉన్నాయి. పరీక్ష ఊరి గడప దాకా వచ్చింది కాబట్టి గడప దాటనివ్వని భయం గురించి ఇప్పుడైనా తీరిగ్గా మాట్లాడుకోవాలి.

సాధారణంగా ఆ మాట్లాడటం జరగదు. "భయపడకమ్మా, ఏమీ కాదు" అనేసి ఊరుకుంటారు. అవతలి మనిషి దేనికి భయపడుతోందో అడగకుండా ఇచ్చే ధైర్యం ఆమెకు ఎలా అందుతుంది? ఇక్కడి భయం ఒక్కటి కాదు, కనీసం నాలుగున్నాయి. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది.

అన్నిటికన్నా లోతుగా ఉన్నది, అందరూ తక్కువగా మాట్లాడేది లేబర్ రూమ్ జ్ఞాపకం. ఈ పరీక్ష 30 దాటినవాళ్లకు. మన పల్లెల్లో ఆ వయసుకి చాలామందికి ఇద్దరు పిల్లలు ఉంటారు. అంటే కింద పరీక్ష చేయించుకోవడం వాళ్లకు కొత్త కాదు. కొత్త కాకపోవడమే చిక్కు. నొప్పులు పడుతున్నప్పుడు తలుపు తెరిచే ఉండటం, వచ్చేవాళ్లు వచ్చి పోయేవాళ్లు పోవడం, చెప్పకుండా చెయ్యి పెట్టి చూడటం, ఏడిస్తే "అప్పుడు లేని ఏడుపు ఇప్పుడెందుకు" అనే మాట. ఇలాంటివి అనుభవించినవాళ్లు ఆ టేబుల్‌ని మరిచిపోరు. కాన్పు వేళ ఆడవాళ్లను అవమానించడం, కసురుకోవడం, కొట్టడం ఎన్నో దేశాల్లో ఉన్న సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రత్యేకంగా ప్రకటన చేసింది. మన దేశంలో లేబర్ రూముల్లో గౌరవంగా చూడటం కూడా భాగంగా 2017లో ‘లక్ష్య’ కార్యక్రమం వచ్చింది. అవసరం లేకపోతే అది వచ్చేదే కాదు కదా. కాబట్టి కాళ్లు ఎత్తి పెట్టుకునే ఆ టేబుల్ పేరెత్తగానే ఒక ఆడమనిషి గుండె దడదడలాడితే, అది చదువు లేకపోవడం వల్ల కాదు. ఒంటికి జ్ఞాపకం ఉండటం వల్ల. మొదట ఈ సంగతి ఒప్పుకుంటేనే తర్వాత మాట ముందుకు సాగుతుంది.

కాన్పుకీ ఈ పరీక్షకీ పెద్ద తేడా ఒకటుంది. కాన్పులో తేదీ మన చేతిలో ఉండదు, నొప్పులు ఆగవు, వద్దు అనే వీలుండదు. ఈ పరీక్షలో అవన్నీ మన చేతిలోనే ఉంటాయి. తేదీ మార్చుకోవచ్చు. ఆడమనిషే చేయాలని అడగొచ్చు. వదిననో అక్కనో పక్కన ఉంచుకోవచ్చు. మధ్యలో "ఆగండి" అంటే ఆగాలి. చాలామందికి ఈ చివరి మాట అనే హక్కు తమకుందనే తెలియదు. ఏ వైద్య పరీక్షకైనా చేయించుకునే మనిషి ఒప్పుకోలు ఉండాలి. ఒప్పుకున్నాక వెనక్కి తీసుకునే వీలు కూడా అందులో భాగమే.

రెండో భయం నొప్పి గురించి. దీనికి మందు అసలేం జరుగుతుందో తెలియడమే. ఊహలో ఆ గది ఆపరేషన్ థియేటర్ అంత పెద్దదైపోతుంది. నిజానికి జరిగేది ఇది. మన పీహెచ్‌సీల్లో ఎక్కువగా చేసేది వీఐఏ అనే పరీక్ష. ముందుగా మూత్రానికి వెళ్లి రమ్మంటారు. టేబుల్ మీద పడుకోబెట్టి, నడుము కింద గుడ్డ కప్పుతారు. బాతు ముక్కు ఆకారంలో ఉండే స్పెక్యులమ్ అనే పరికరాన్ని యోనిలోకి పెట్టి, లోపల గర్భసంచి మూతి కనిపించేలా మెల్లగా తెరుస్తారు. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే వంటింటి వెనిగర్‌లో ఉండేదే, దూదితో ఆ మూతి మీద అద్దుతారు. కొంచెం చురుక్కుమనొచ్చు. ఒక నిమిషం ఆగుతారు. మామూలు కండ రంగు మారదు. తేడాగా ఉన్నచోట తెల్లటి మచ్చ తేలుతుంది. అంతే, చూసి పరికరం తీసేస్తారు. కోత లేదు, సూది లేదు. ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. పెద్దాసుపత్రుల్లో చేసే పాప్ స్మియర్‌లో అయితే చిన్న బ్రష్‌తోనో చెక్క పుల్లతోనో కొన్ని కణాలు తీసి ల్యాబ్‌కి పంపుతారు, ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. ఏ పరీక్షైనా, టేబుల్ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా పది నిమిషాలు దాటడం అరుదు.

నొప్పి అసలు ఉండదని చెప్పడం మాత్రం తప్పు. కొందరికి ఇబ్బందిగానే ఉంటుంది, కొద్దిమందికి బాగా నొప్పి పుడుతుంది. ముట్లు ఆగిపోయినవాళ్లకు లోపల పొడిబారడం వల్ల మంటగా అనిపించొచ్చు. "ఏమీ తెలియదు" అని చెప్పి పంపిస్తే, వెళ్లిన మనిషి నొప్పి తగలగానే తనకే ఏదో జబ్బుందని బెదిరిపోతుంది. లేదా చెప్పినవాళ్ల మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. ఊరికొచ్చి నలుగురికీ చెప్తుంది కూడా. ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు.

నొప్పికీ టెన్షన్‌కీ ఉన్న లంకె తెలిస్తే సగం పని అయినట్టే. భయపడినప్పుడు మనకు తెలియకుండానే పళ్లు బిగిస్తాం, భుజాలు ముడుస్తాం. నడుము కింది కండరాలు కూడా అలాగే బిగుసుకుంటాయి. బిగుసుకున్న కండరంలోంచి పరికరం వెళ్తే నొప్పి ఎక్కువ. నొప్పి పుట్టగానే ఇంకా బిగుసుకుంటుంది. ఈ చక్రాన్ని తెంపడానికి ఊపిరి పనికొస్తుంది. పరికరం పెట్టే క్షణంలో ఊపిరి బిగపట్టకుండా, వేడి పాలు చల్లార్చేటప్పుడు ఊదినట్టు నోటితో నెమ్మదిగా, పొడుగ్గా ఊదాలి. పిరుదులు టేబుల్ మీద బరువుగా వదిలేయాలి. చేతులు పిడికిలి పట్టకుండా పొట్ట మీద ఆనించుకోవాలి. చిన్న సైజు స్పెక్యులమ్ పెట్టమని అడగొచ్చు, అది ఉంటుంది. లోహపు పరికరమైతే చల్లగా తగులుతుంది, గోరువెచ్చని నీళ్లలో ఉంచి పెట్టమనొచ్చు. వెల్లకిలా పడుకోలేనివాళ్లు పక్కకు తిరిగి పడుకుని చేయించుకునే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ గొంతెమ్మ కోరికలు కావు. మంచి నర్సు అడగకముందే చేసే పనులు.

కొందరికి ఊపిరితో, ఓపికతో కూడా కుదరదు. చిన్నప్పుడో పెళ్లయ్యాకో ఒంటి మీద బలవంతం జరిగినవాళ్లు, తాకగానే లోపలి కండరాలు తాళం వేసినట్టు మూసుకుపోయేవాళ్లు ఉంటారు. వాళ్లను "ఓర్చుకో" అనడం క్రూరత్వం. వాళ్లు ఎందుకో చెప్పనక్కర్లేదు, "నాకు ఈ పరీక్ష చాలా కష్టం, నెమ్మదిగా చేయండి" అన్న ఒక్క మాట ముందే చెబితే చాలు. ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ కోసం వెతికే హెచ్‌పీవీ పరీక్ష చేసే చోటైతే, సన్నటి బ్రష్‌తో ఆడవాళ్లు తమంతట తామే నమూనా తీసుకునే వీలుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో దీన్ని సిఫారసు చేసింది. స్పెక్యులమ్, టేబుల్, పరాయి మనిషి చెయ్యి, ఏదీ లేకుండా పరీక్ష అయిపోతుంది. ఈ పద్ధతి మన పీహెచ్‌సీలకు ఎంత తొందరగా వస్తే అంత మంచిది. ఇక్కడి ఆడవాళ్ల సిగ్గుకి, భయానికి ఇంతకన్నా సరిపోయే పద్ధతి కనిపించడం లేదు.

మూడోది ఫలితం భయం. "పరీక్ష చేయించుకుంటే ఏదో ఒకటి బయటపడుద్ది, పడితే ఏంది గతి?" ఈ మాట వెనక ఒక లెక్క ఉంది. క్యాన్సర్ అంటే చెన్నై, తిరుపతి తిరగడం, అప్పులు, జుట్టు ఊడటం, చావు. ఊళ్లో అందరూ చూసిన క్యాన్సర్ అదే, ముదిరిపోయాక బయటపడిన క్యాన్సర్. ముందుగా దొరికి నయమైపోయిన కేసు ఎవరి కంటా పడదు, ఎందుకంటే ఆ మనిషి మర్నాడే పొలానికి పోతుంది. అందుకే ఊరి అనుభవం మొత్తం ఒకవైపే మొగ్గి ఉంటుంది.

ఈ పరీక్ష వెతికేది ముఖ్యంగా క్యాన్సర్‌ని కాదు, క్యాన్సర్‌కి ముందు దశని. హెచ్‌పీవీ అనే వైరస్ గర్భసంచి మూతి దగ్గర ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తే అక్కడి కణాలు మెల్లగా మారతాయి. మారిన కణాలు క్యాన్సర్ కావడానికి సాధారణంగా 10 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇది ఇంకా తొందరగా జరగొచ్చు కాబట్టి వాళ్లు 25 ఏళ్ల నుంచే, మరింత తరచుగా చేయించుకోవాలి. క్యాన్సర్ కాకముందు ఎప్పుడు పట్టుకున్నా, మారిన చోటును చలితో గడ్డకట్టించో వేడితో కాల్చో తీసేస్తారు. కొన్ని నిమిషాల పని, చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లిపోతారు. గర్భసంచి అలాగే ఉంటుంది.

ఇక్కడ ‘పాజిటివ్’ అనే మాట చేసే చేటు చెప్పాలి. కరోనా రోజుల్లో పాజిటివ్ అంటే జబ్బు వచ్చేసినట్టే అని జనం చెవిలో స్థిరపడిపోయింది. వీఐఏ పాజిటివ్ అంటే క్యాన్సర్ ఉందని కాదు. తెల్ల మచ్చ కనిపించింది, ఇంకా దగ్గరగా చూడాలి అని అర్థం. మామూలు ఇన్‌ఫెక్షన్ ఉన్నా అలా కనిపించొచ్చు. తర్వాత కాల్పోస్కోప్ అనే భూతద్దంతో చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులకు రాసి పంపినప్పుడు ఆ చీటీ చేతికిచ్చే సిబ్బంది ఈ రెండు వాక్యాలు కూడా చెప్పి పంపాలి. లేకపోతే బస్సు దిగేలోపే ఆ మనిషి మనసులో తన పిల్లల పెళ్లిళ్లు తను లేకుండా జరిగిపోతాయి.

నాలుగో భయాన్ని గట్టిగా ఎవరూ పైకి చెప్పరు. "ఈ వైరస్ మొగుడూ పెళ్లాల కలయిక వల్ల వస్తుందంట. నాకుందని తేలితే ఏమనుకుంటారు?" నిజమే, హెచ్‌పీవీ అలాగే పాకుతుంది. కానీ అది తప్పు చేసినవాళ్లకే వచ్చే జబ్బు కాదు. దాంపత్య జీవితం మొదలైన వాళ్లలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అది సోకుతుంది, ఎక్కువమందికి రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది. ఈరోజు కనిపించిన వైరస్ ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. జీవితమంతా ఒకే మనిషితో ఉన్న ఆడమనిషికీ, మగమనిషికీ రావొచ్చు. కాబట్టి ఈ ఫలితాన్ని శీలానికి ముడిపెట్టడానికి వైద్యంలో ఏ ఆధారమూ లేదు. ఈ మాట ఆడవాళ్లకు చెబితే చాలదు. వాళ్లతో వచ్చి బయట బెంచీ మీద కూర్చునే మగవాళ్లకు చెప్పాలి. ఫలితాన్ని వరండాలో పేరు పెట్టి పిలిచి చెప్పకూడదు. తలుపు వేసి, ఆమెకు ఒక్కదానికే చెప్పాలి.

ఈ భయాలన్నిటినీ పట్టించుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో మన రాష్ట్రం కళ్ల ముందే ఉంది. దేశంలో గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. తెల్లబట్ట అవుతోందనో, ముట్టు ఎక్కువగా పోతోందనో వెళ్లిన మనిషికి "ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అనే ఒక్క మాట చెబితే చాలు, అప్పు చేసైనా సంచి తీయించుకుంటుంది. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా అదెందుకు" అని చుట్టాలూ అంటారు. విచిత్రం ఇక్కడే. పది నిమిషాల పరీక్షకు భయపడిన మనిషి కడుపు కోయించుకోవడానికి ఒప్పుకుంటుంది. ఎందుకంటే పరీక్షలో ఏమవుతుందో తెలియదు, ఆపరేషన్‌తో పీడ వదిలిపోతుందనే నమ్మకం ఉంటుంది. 40 దాటకముందే సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. సంచి తీయాల్సిన అవసరం నిజంగా వచ్చే సందర్భాలు ఉన్నాయి. కానీ ‘క్యాన్సర్ వస్తుందేమో’ అన్న భయం ఒక్కటే కారణమైతే, కత్తికి ఒప్పుకునే ముందు ముఖద్వార పరీక్ష జరిగిందా, ఏమొచ్చింది అని అడిగి తీరాలి. పరీక్ష చేయించుకున్న చీటీ చేతిలో ఉన్న ఆడమనిషిని బెదిరించడం అంత తేలిక కాదు.

వీఐఏ లాంటి చవక పరీక్షతో నిజంగా ఉపయోగం ఉంటుందా అని చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి దాదాపు లక్షన్నర మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. పెద్ద చదువులు లేని ఆరోగ్య కార్యకర్తలే కొన్ని వారాల శిక్షణతో రెండేళ్లకోసారి వీఐఏ చేశారు. ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మన ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు వాళ్లకు దేనిలోనూ తీసిపోరు.

ఒంటరిగా వెళ్తే భయం ఎక్కువ. నలుగురు కలిసి ఆటోలో వెళ్తే సగమవుతుంది. ఈ సంగతి ఈ ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిపూట అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు, ఇంట్లో ఒక్కరుగా ఎన్నడూ పైకి అనలేని మాటను కలిసి అన్నారు. సారా వద్దన్నారు. అది రాష్ట్రమంతా పాకింది. సారా సంగతి వేరు, ఈ పరీక్ష సంగతి వేరు. కానీ నోటికి రాని మాట గుంపులో వస్తుందన్నది రెండింటికీ ఒకటే. డ్వాక్రా సంఘం మీటింగులో అప్పుల లెక్కలు అయ్యాక, ఇప్పటికే చేయించుకున్న ఒక్కరు లేచి "ఇదిగో, నాకిలా చేశారు, ఇంతసేపు పట్టింది, ఇక్కడ కొంచెం నొప్పి పుట్టింది" అని చెబితే, దాని ముందు ఏ పోస్టరూ నిలవదు.

వెళ్లే రోజుకి కొన్ని చిన్న విషయాలు. ముట్టు అయ్యే రోజుల్లో కాకుండా, ఆగిన కొన్ని రోజులకి తేదీ పెట్టుకోవాలి. రెండు రోజుల ముందు నుంచి కలయిక, లోపల పెట్టే మందులు, లోపల కడగడం వద్దు. చీరో లంగానో కట్టుకుంటే మొత్తం విప్పనక్కర్లేదు, పైకి జరుపుకుంటే చాలు. సిగ్గుకి ఇది పెద్ద ఊరట. తర్వాత ఒకటి రెండు రోజులు కొంచెం మరక కనిపించినా కంగారు పడక్కర్లేదు. అంతా బాగుంటే వీఐఏ మళ్లీ అయిదేళ్లకే. ఆ ఏడాది ఏదో చీటీ మీద రాయించుకోవడం మంచిది.

అయితే కలయిక తర్వాత రక్తం కనిపించడం, రెండు ముట్ల మధ్య రక్తం పోవడం, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనిపించడం, దుర్వాసనతో తెల్లబట్ట కావడం ఉంటే అవి స్క్రీనింగ్ క్యాంపు దాకా ఆగే విషయాలు కావు. ఆ వారమే ఆడ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంత చేసినా టేబుల్ దాకా వచ్చి, పరికరం చూసి, కళ్లనీళ్లు పెట్టుకుని దిగిపోయేవాళ్లు ఉంటారు. వాళ్లను కసరకూడదు. రిజిస్టర్‌లో ‘ఒప్పుకోలేదు’ అని రాసి పేజీ తిప్పేయకూడదు. ఈరోజు గది దాకా వచ్చింది, గది ఎలా ఉంటుందో చూసింది, నర్సు ముఖం తెలిసింది. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఎవరిని తోడు తెచ్చుకుంటుందో అడిగి, ఆ పేరు పక్కనే మరో తేదీ రాయాలి.